పస్కా వారంలో యూదు విశ్వాసులతో కలిసి ఆరాధన, ప్రభువు బల్ల: ఏర్పాట్లు ఎలా చేయాలి?

కార్మెలు_గాలి

అందరికీ వందనాలు. ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్లుగా పనిచేస్తున్న తెలుగు విశ్వాసులు, అక్కడ యేసును నమ్మిన యూదు విశ్వాసుల సంఘం కలిసి ఒక ఆరాధన పెట్టుకోవాలని ఆలోచన. మొత్తం 60 మంది దాకా ఉంటారు. హాలు యూదు సంఘానిది. తేదీ 2027 ఏప్రిల్ 24, శనివారం. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం) ఉంటుంది, తరువాత ప్రేమవిందు (కలిసి భోజనం).

పెద్దల్లో రెండు మాటలు వినబడుతున్నాయి. సిలువలో ధర్మశాస్త్రం కొట్టివేయబడింది కాబట్టి రొట్టె ఏదైనా, కూర ఏదైనా పట్టింపు అక్కర్లేదని కొందరు అంటున్నారు. యేసు ప్రభువు యూదుడు కాబట్టి మనం కూడా వాళ్ళ పండుగలన్నీ ఆచరించాలని ఇంకొందరు అంటున్నారు. రొట్టె, రసం, వంట, పాటలు, అనువాదం విషయంలో తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. పైన చెప్పిన రెండు మాటలకు వాక్యంలో జవాబేమిటో కూడా రాయండి.

నీసాను_14

వందనాలు బ్రదర్. ముందు తేదీ సంగతి. 2027లో యూదుల పస్కా పండుగ ఏప్రిల్ 21 బుధవారం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. ఇజ్రాయెల్‌లో ఏడు రోజులు, అంటే ఏప్రిల్ 28 సాయంత్రం వరకు. బయటి దేశాల్లోని యూదులు ఇంకొక రోజు కలుపుతారు. కాబట్టి మీరు అనుకున్న శనివారం పులియని రొట్టెల పండుగ మధ్యలో వచ్చే సబ్బాతు (యూదుల విశ్రాంతి దినం). ఈ ఒక్క విషయంతో మీ ఏర్పాట్లలో సగం మారిపోతాయి.

ఆ సంవత్సరం మన ఈస్టరు మార్చి 28నే అయిపోతుంది. యూదుల క్యాలెండరులో 5787 అధికమాసం ఉన్న సంవత్సరం, అందుకే పస్కా వెనక్కి జరిగింది. ఆర్థడాక్స్ సంఘాల ఈస్టరు మే 2. పునరుత్థాన పండుగ జరిగిపోయి నాలుగు వారాలైనవాళ్ళు ఒక పక్క, ఇప్పుడే పస్కాలో ఉన్నవాళ్ళు ఇంకొక పక్క కూర్చుంటారు. ప్రసంగీకుడికి ఇది ముందే తెలియాలి. లేకపోతే "పోయిన నెల మనం జరుపుకున్న పండుగ" అంటాడు, సగం మందికి అర్థం కాదు.

ఇక ప్రయాణం. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు నుంచి శనివారం చీకటి పడేదాకా అక్కడ చాలా ఊళ్ళలో బస్సులు, రైళ్ళు నడవవు. ఆ రోజుల్లో సబ్బాతు ముగిసేసరికి రాత్రి ఎనిమిది కావొస్తుంది. షేర్ టాక్సీలు దొరికే దారిలోని హాలు అయితేనే దూరం నుంచి వచ్చేవాళ్ళు చేరగలరు. లేదంటే ఊరివారీగా బండ్లు ముందే మాట్లాడుకోవాలి.

బేతనియ_మార్త

వంట నేను చెప్తాను. ముందు ఒక మాట: యూదు విశ్వాసులందరూ ఆహార నియమాలు ఒకే కట్టుదిట్టంతో పాటించరు. కొందరు పంది మాంసం, రొయ్యలు మానేస్తారు, అంతే. కొందరు పూర్తిగా కోషర్, అంటే యూదుల ఆహార నియమాలన్నీ పాటిస్తారు. కొందరు ఏమీ పట్టించుకోరు. అడిగి తెలుసుకోండి. అడగడం కుదరకపోతే అందరికంటే గట్టిగా పాటించేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని వండితే ఎవరూ పస్తు వెళ్ళరు.

పస్కా వారంలో పులిసినది ఇంట్లోకి, హాల్లోకి రాకూడదు. దాన్ని హమేత్స్ అంటారు. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే ఐదు ధాన్యాలతో చేసి పులిసినవి, పులిసే వీలున్నవి అన్నీ ఇందులోకి వస్తాయి. మనవాళ్ళు "మేము బ్రెడ్డు తేవడం లేదు గదా" అనుకుని దెబ్బతినేది ఇక్కడే. ఉప్మా రవ్వ గోధుమదే. సేమ్యా, పూరీ, మైదా బిస్కెట్లు, కేకు అన్నీ అంతే. చపాతీలో ఈస్టు లేదు కదా అంటారు. అయినా పనికిరాదు. పస్కా రొట్టెకు పిండిలో నీళ్ళు పడిన క్షణం నుంచి కాల్చడం ముగిసేదాకా 18 నిమిషాలు దాటకూడదు, పిండి కూడా తడి తగలకుండా కాపాడినదై ఉండాలి. మనం పిండి కలిపి అరగంట నానబెడతాం.

బియ్యం, పప్పులు, మొక్కజొన్న సంగతి వేరు. స్పెయిన్, అరబ్బు దేశాల మూలాలున్న యూదుల్లో చాలామంది పస్కాలో అన్నం తింటారు. తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీలు ఆనవాయితీగా తినరు. పప్పులు, ఆవాలు కూడా ఆ జాబితాలోవే. కాబట్టి ఇడ్లీ, దోశ, పులిహోర కొందరికి సరే, కొందరికి కాదు. తాలింపులో ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు మూడూ ఆగిపోతాయి. అన్నిటికంటే మోసం చేసేది ఇంగువ. దుకాణంలో దొరికే ఇంగువ పొడిలో ఎక్కువగా గోధుమపిండో మైదానో కలిపి ఉంటుంది. అన్నం తినేవాళ్ళకోసమని ప్రత్యేకంగా చేసిన పులిహోరలో చిటికెడు ఇంగువ వేస్తే అది వాళ్ళకూ పనికిరాదు.

ఇంకా గట్టిగా పాటించేవాళ్ళకు గిన్నెలు కూడా లెక్కే. ఏడాదంతా చపాతీ పిండి కలిపిన గిన్నెలో ఏది వండినా తినరు. అందుకని ఈ ఒక్కసారికి వంట మానుకోండి. కోయని పండ్లు, పొట్టు తీయని బాదం, అక్రోటు, పస్కాకు కోషర్ అని ముద్ర ఉన్న సీలు ప్యాకెట్లు, వాడి పారేసే పళ్ళేలు, గ్లాసులు చాలు. 60 మందికి పండ్లు మనిషికి పావుకిలో లెక్కన 15 కిలోలు. ఇవన్నీ శుక్రవారం పొద్దు గుంకకముందే హాలుకు చేరాలి. సబ్బాతున పొయ్యి వెలిగించరు.

మామూలు వారాల్లో కలిసి తినేటప్పుడు మన భోజనంలో ఇంకొక చిక్కుంది. కోడికూరతో మొదలుపెట్టి పెరుగన్నంతో ముగిస్తాం. మాంసంతో పాలపదార్థాలు కలపని వాళ్ళకు ఇది కుదరదు. శాకాహారం వండితే పెరుగు ఉంచుకోవచ్చు. చేప వండితే పొలుసు, రెక్కలు రెండూ ఉన్నది కావాలి. శీలావతి, బొచ్చె సరే. వాలుగ, రొయ్య, పీత వద్దు.

వాక్యధ్యాని

మార్త సిస్టర్, మీరు చెప్పినవి వాస్తవాలే. కానీ నాకు ఒక భయం ఉంది, దాచుకోకుండా అడుగుతాను. ఎఫెసీ 2లో ప్రభువు "మధ్యగోడను పడగొట్టి" ఉభయులను (యూదులను, యూదులు కానివారిని) ఏకం చేశాడని ఉంది. కొలస్సీ 2:16లో అన్నపానాల విషయంలోగాని పండుగ విషయంలోగాని ఎవడూ మీకు తీర్పు తీర్చనియ్యకుడని ఉంది. ఇంగువ దాకా లెక్క చూడటం అంటే పడిపోయిన గోడను మనమే మళ్ళీ ఇటుక ఇటుకగా పేర్చడం కాదా?

రాతి_శాసనం

వాక్యధ్యాని గారూ, మంచి ప్రశ్న. ఆ గోడ ఏమిటో ఒకసారి చూద్దాం.

హేరోదు కట్టించిన దేవాలయంలో అన్యజనుల (యూదులు కానివారి) ఆవరణం దాటి లోపలికి వెళ్ళేచోట చుట్టూ ఒక రాతి అడ్డుగోడ ఉండేది. హీబ్రూలో సోరెగ్. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ మూడు మూరల ఎత్తు అని రాశాడు. యూదు గురువుల బోధల సంకలనమైన మిష్నా పది బెత్తెలంటుంది, అంటే ఇంకా తక్కువ. మనిషి కాలెత్తి దాటగలిగేంత గోడకు అంత భయం ఎందుకంటే, దానిమీద అక్కడక్కడ గ్రీకు, లాటిన్ భాషల్లో హెచ్చరికలు చెక్కి ఉండేవి. వాటిలో పూర్తిగా మిగిలిన గ్రీకు రాయి 1871లో యెరూషలేములో షార్ల్ క్లెర్మాన్-గానోకు దొరికింది. ఇప్పుడది ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియంలో ఉంది. 1935లో దొరికిన ఇంకొక ముక్క యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది. దాని భావం: పరజాతివాడెవడూ అడ్డుగోడ దాటి లోపలికి రాకూడదు, పట్టుబడినవాడు తన చావుకు తానే కారకుడు.

అపొస్తలుల కార్యములు 21:28–29 దీనితో కలిపి చదవండి. ఎఫెసీయుడైన త్రోఫిమును పౌలు దేవాలయంలోకి తెచ్చాడని ఊహించి జనం పౌలును పట్టుకున్నారు. పౌలు బంధకాలు అక్కడ మొదలయ్యాయి. ఆ త్రోఫిము ఊరివాళ్ళకే, ఆ బంధకాల నుంచే "మధ్యగోడను పడగొట్టి" అన్న మాట వెళ్ళింది. అప్పటికి రాతిగోడ నిలబడే ఉంది. క్రీ.శ. 70లో రోమా సైన్యం దేవాలయాన్ని కూల్చేదాకా అది అక్కడే ఉంది. పౌలు మనసులో ఈ రాయే ఉందా, ధర్మశాస్త్రాన్నే గోడ అన్నాడా అని పండితుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. నాకైతే వినేవాళ్ళ మనసులో ఈ గోడ మెదలకుండా ఉండదనిపిస్తుంది.

ఇక మీ భయానికి జవాబు. ఆ గోడ చేసిన పని ఒకరిని దగ్గరకు రానివ్వకపోవడం. మనం ఇంగువ తీసేస్తే ఎవరు దూరమయ్యారు? ఎవరూ కాలేదు. వేస్తే మాత్రం ఒక సహోదరుడు బల్ల నుంచి లేచి వెళ్ళాల్సి వస్తుంది. ఏది గోడో దీన్నిబట్టి తేలుతుంది.

రోమా_15_10

శాసనం అన్న చెప్పినదానికి రోమా పత్రిక కలుపుతాను. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా నుంచి వెళ్ళగొట్టాడు, క్రీ.శ. 49 ప్రాంతంలో. అకుల, ప్రిస్కిల్ల కొరింథుకు వచ్చింది అందుకే (అపొ. 18:2). 54లో క్లౌదియ చనిపోయాక యూదు విశ్వాసులు తిరిగి వచ్చేసరికి రోమాలోని ఇంటి సంఘాలు దాదాపు అన్యజనుల చేతుల్లో నడుస్తున్నాయి. 57 ప్రాంతంలో పౌలు రాసిన పత్రిక వెళ్ళింది ఆ ఇళ్ళకే. 16వ అధ్యాయంలో వందనాలు లెక్కపెడితే నాలుగైదు వేర్వేరు గుంపులు కనిపిస్తాయి.

కాబట్టి 14వ అధ్యాయంలో కూరగాయలే తినేవాడు, దినాలు ఎంచేవాడు ఎక్కువగా తిరిగివచ్చిన ఆ యూదు సహోదరులు, వాళ్ళ అలవాట్లు నేర్చుకున్నవాళ్ళు. పౌలు "ఏదీ సహజంగా నిషిద్ధం కాదు" అని తాను నమ్మినట్టు చెప్పాడు (14:14). వాక్యధ్యాని గారి సిద్ధాంతం పౌలుదే. అయినా ఆ మాట తరువాతే, నీ భోజనంతో నీ సహోదరుని పాడుచేయకు అన్నాడు. తినే స్వేచ్ఛ ఉన్నవాడే తగ్గాలి, ఎందుకంటే తగ్గగలిగేది వాడే. మనస్సాక్షి ఒప్పుకోనివాడికి ఆ వీలు లేదు.

15:9–12లో పౌలు వరుసగా నాలుగు పాత నిబంధన వాక్యాలు పేర్చాడు: కీర్తన 18:49, ద్వితీ 32:43, కీర్తన 117:1, యెషయా 11:10. రెండోదాన్ని తెలుగులో గట్టిగా చదవండి: "అన్యజనులారా, ఆయన ప్రజలతో సంతోషించుడి". ఆ "తో" అనే ఒక్క ప్రత్యయం మీదే మీ కూడిక అంతా నిలబడి ఉంది. ప్రజలకు బదులుగా అని లేదు, ప్రజలుగా మారిపోయి అనీ లేదు. వాళ్ళు వాళ్ళుగా, వీళ్ళు వీళ్ళుగా, ఒకరితో ఒకరు.

సీయోను_బూర

రోమా15 బ్రదర్, "తో" అన్నారు కాబట్టి అడుగుతున్నాను. కలిసి సంతోషించాలంటే వాళ్ళలాగే చేస్తే ఏమి తప్పు? షోఫర్ (పొట్టేలు కొమ్ము బూర) ఊదడం, తల్లీతు (ప్రార్థన శాలువా) కప్పుకోవడం, పస్కా రాత్రి సెదెరు (ఒక క్రమం ప్రకారం సాగే పండుగ) భోజనం మన సంఘాల్లోనే జరుపుకోవడం మంచిదే కదా. చివరి భోజనంలో ప్రభువు చేసింది అదే కదా.

ఒలీవకొమ్మ

సీయోను బ్రదర్, మీ ప్రేమ మంచిదే. కానీ అందులో మూడు విషయాలు కలిసిపోయాయి.

మొదటిది చరిత్ర. ఇప్పుడు యూదుల ఇళ్ళలో జరిగే సెదెరు, నాలుగు గిన్నెలు, ప్రశ్నల క్రమం, మూడు మత్సాలు (పులియని రొట్టెలు), దాచిపెట్టే ముక్కతో సహా, దేవాలయం కూలిన తరువాత కొంచెం కొంచెంగా రూపుదిద్దుకున్నది. నాలుగు గిన్నెల సంగతి రాతలో కనబడేది మిష్నాలో, అది కూర్చింది క్రీ.శ. 200 ప్రాంతం. ప్రభువు దినాల్లో పస్కాకు మధ్యలో ఉన్నది బలి గొర్రెపిల్ల. కాబట్టి సెదెరులో ప్రతి వస్తువూ చూపించి "ప్రభువు ఇదే చేశాడు" అని చెప్పకండి. యూదులు వింటే, తమ ఇంటి పండుగను తీసుకుని వేరే అర్థం అంటించారని నొచ్చుకుంటారు. వాళ్ళు పిలిస్తే అతిథిగా వెళ్ళి కూర్చోండి, అది ఎంతో ధన్యత.

రెండోది వాక్యం. యెరూషలేము సభ (అపొ. 15) అన్యజనుల మీద సున్నతి భారం పెట్టలేదు. నాలుగే అడిగింది: విగ్రహ సంబంధమైన అపవిత్రత, జారత్వం, గొంతుపిసికి చంపినది, రక్తం. లేవీయకాండం 17, 18లో ఇశ్రాయేలు మధ్య నివసించే పరదేశికి చెప్పిన సంగతులతో ఇవి సరిపోతాయి. అంటే ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి కావలసినంత అడిగారు. (మేక నెత్తురు వేపుడు తినేవాళ్ళు ఆ కూడికకు అది తేవద్దని దీన్నిబట్టే చెప్పవచ్చు.) పౌలు తిమోతికి సున్నతి చేయించాడు, తల్లి యూదురాలు కాబట్టి. తీతుకు మాత్రం ఒప్పుకోలేదు, గ్రీకువాడు కాబట్టి. ఒకే మనిషి రెండు రకాలుగా చేశాడంటే మాట మార్చినట్టు కాదు. 1 కొరింథీ 7:18 చెప్పినట్టు ఎవడు ఏ స్థితిలో పిలవబడ్డాడో అందులోనే ఉండాలి.

మూడోది అంతియొకయలో జరిగినది. గలతీ 2లో పేతురు చేసిన పని చూడండి. ఒక్క మాట కూడా బోధించలేదు, అన్యజనులతో కలిసి తింటున్న బల్ల నుంచి లేచి వేరుగా కూర్చున్నాడు, అంతే. బర్నబా కూడా వెంట పోయాడు. పౌలు దాన్ని "అన్యజనులను యూదులలా ఉండమని బలవంతం చేయడం" అన్నాడు. ఎందుకంటే పేతురు లేచిపోతే, అతనితో కలిసి తినాలనుకున్నవాళ్ళకు మిగిలిన దారి తాము యూదులు కావడమే. మనవాళ్ళు తల్లీతు వేసుకుంటేనే ఆత్మీయులని అనిపించేలా చేస్తే అదే బలవంతం ఇంకొక వైపు నుంచి వస్తుంది.

రెండో శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్ తన "త్రుఫోతో సంవాదం" అనే గ్రంథం 47వ అధ్యాయంలో ఇదే తేల్చాడు. ధర్మశాస్త్రం పాటిస్తూ క్రీస్తును నమ్మే యూదుణ్ణి సహోదరుడిగా చేర్చుకోవాలి, ఆ ఆచారాలు ఇతరులపై రుద్దనంతవరకు. అలా చేర్చుకోనివాళ్ళు కూడా ఉన్నారని, తాను వాళ్ళతో ఏకీభవించనని అక్కడే రాశాడు. తరువాతి కాలం దుఃఖకరం. 4వ శతాబ్దపు లవొదికయ సభ సబ్బాతున విశ్రమించవద్దని 29వ నియమంలో, యూదుల నుంచి పులియని రొట్టె తీసుకోవద్దని 38వ నియమంలో రాసింది. రొట్టె ఇచ్చిపుచ్చుకోవడం నిషేధించాల్సి వచ్చిందంటే, మామూలు జనం ఇరుగుపొరుగుగా రొట్టె పంచుకుంటూనే ఉన్నారన్నమాట.

అయితే 5వ శతాబ్దంలో రోమాలో కట్టిన సాంతా సబీనా గుడిలో, తలుపుల పైన రంగురాళ్ళ పనిలో ఇద్దరు స్త్రీల బొమ్మలున్నాయి, ఇద్దరి చేతుల్లోనూ గ్రంథం. ఒకామె కింద సున్నతి పొందినవారి నుంచి వచ్చిన సంఘమని, ఇంకొకామె కింద అన్యజనుల నుంచి వచ్చిన సంఘమని లాటిన్‌లో రాసి ఉంది. ఇద్దరూ వేర్వేరు మనుషులు, ఇద్దరి పేరూ సంఘమే.

నీసాను_14

ప్రభువు బల్ల వివరాలు, ఒలీవకొమ్మ గారి మాట పట్టుకునే చెప్తాను.

రొట్టె: పస్కాకు కోషర్ అని ముద్ర ఉన్న మత్సా, సీలు తీయని పెట్టె. ఒక పలక జానెడు చదరం ఉంటుంది, జాగ్రత్తగా విరిస్తే 25 ముక్కలు వస్తాయి. 60 మందికి మూడు పలకలు, పైకెత్తి విరవడానికి వేరే ఒకటి. మత్సా రంధ్రాల వరుస వెంట తేలిగ్గా విరుగుతుంది, అడ్డంగా విరిస్తే పొడి అవుతుంది. కింద తెల్లగుడ్డ పరచండి. రెండు రకాల రొట్టె పెట్టవద్దు. అటువాళ్ళకు మత్సా, ఇటువాళ్ళకు మామూలు రొట్టె అంటే అంతియొకయ మళ్ళీ వచ్చినట్టే. మీ సంఘంలో పులిసిన రొట్టె అలవాటైనా ఈ ఒక్కరోజు మత్సా తీసుకోవడానికి మీ మనస్సాక్షికి అడ్డు లేదు. వాళ్ళకు ఆ వారం పులిసినది తీసుకోవడం కుదరదు. వెసులుబాటు ఉన్నవైపు నుంచే సర్దుబాటు రావాలి.

రసం: మన ఊళ్ళలో ఎండుద్రాక్ష నానబెట్టి మరిగించి చేస్తారు. ఇక్కడ అది వద్దు. సీలున్న ద్రాక్షరసం సీసా, పస్కా ముద్రతో, దానిపై "మెవుషాల్" అని ఉన్నది కొనండి. కాచినది అని అర్థం. యూదుల నియమంలో కాచని ద్రాక్షారసాన్ని యూదుడు కానివాడు ముట్టుకుంటే గట్టిగా పాటించేవాడు తాగడు. కాచినదానికి ఆ అడ్డంకి లేదు. ఇది చూడకుండా కొంటే మీ సంఘపెద్ద గిన్నెల్లో పోశాక ఎవరైనా వద్దంటే అందరి ముందూ ఇబ్బంది. కొనేటప్పుడే చూసుకుంటే ఎవరు పోసినా ఫర్వాలేదు. చిన్న గ్లాసుకు 15 మి.లీ. చొప్పున 60కి 900 మి.లీ. లీటరు సీసా ఒకటి సరిపోతుంది, రెండోది అందుబాటులో ఉంచండి.

స్తోత్రం: రొట్టె విరిచేముందు యూదు పెద్ద హీబ్రూలో చెప్పే మాట ఇది: "బారూఖ్ అతా అదోనాయ్ ఎలోహేను మెలెఖ్ హాఓలామ్, హమోత్సీ లెహెమ్ మిన్ హాఆరెత్స్." భూమి నుంచి ఆహారం పుట్టించే మా దేవా, లోకానికి రాజా, నీకు స్తోత్రం అని. గిన్నె కోసం తెలుగు పెద్ద తెలుగులో ప్రార్థించవచ్చు. వడ్డించేవాళ్ళను జతలుగా నిలబెట్టండి, ఒకరు అటువాళ్ళు, ఒకరు ఇటువాళ్ళు.

అనువాదిని

అనువాదం గురించి రాస్తాను. ఇక్కడ తప్పు జరిగితే మిగతా ఏర్పాట్లన్నీ వృథా.

హీబ్రూలో "మన", "మా" రెండింటికీ ఒకటే మాట. తెలుగులో అలా కుదరదు, ప్రతిసారీ ఎంచుకోవాలి. ప్రసంగీకుడు "అవ్రహామ్ అవీను" అంటాడు. తెలుగు చేసేవాడు తొందరలో "మా తండ్రి అబ్రాహాము" అంటే ఎదుట కూర్చున్న 30 మందిని ఆ ఒక్క అక్షరంతో బయట పెట్టినట్టే. రోమా 4:16 అబ్రాహామును "మనకందరికి తండ్రి" అంటుంది. కాబట్టి "మన". అలాగని అన్నిచోట్లా "మన" పెట్టకూడదు. యూదు సహోదరుడు తన జాతి పడిన బాధల గురించి చెప్పేటప్పుడు అది "మా". ఆ కథను మన ఖాతాలో వేసుకోకూడదు. దేవునితో మాట్లాడేటప్పుడు "పరలోకమందున్న మా తండ్రీ" సరైనది, వింటున్న దేవుడు ఆ "మా"లో లేడు కాబట్టి. కీర్తన 117:2లో మన బైబిలు "మనయెడల" అని ఎంచుకుంది. అన్యజనులను పిలిచిన కీర్తనలో "మన" అనడం ఎంత బాగుందో చూడండి.

రెండో మాట "అన్యజనులు". మన సంఘాల్లో హిందువులను "అన్యులు" అనే వాడుక పాతుకుపోయింది. బైబిల్లో ఆ మాటకు యూదులు కానివారు అని అర్థం, అంటే తెలుగు క్రైస్తవులమంతా అన్యజనులమే. ఈ కూడికలో "అన్యులు" అని ఇంకెవరినో చూపిస్తే ఎఫెసీ 2:11 అర్థం తలకిందులవుతుంది. గలతీ 3:28లో "గ్రీసుదేశస్థుడు" కూడా అంతే. ఏథెన్సు ఊరివాడు అనుకుంటారు, అక్కడ ఉద్దేశం యూదుడు కానివాడు.

మూడోది దేవుని పేరు. మన పాటల్లో "యెహోవా" లేని పల్లవి వెతకాలి. యూదులు ఆ నామాన్ని పలకరు, అదోనాయ్ అంటారు. 2008లో వాటికన్ కూడా ఆరాధనలో ఆ నామం పలకవద్దని బిషపులకు రాసింది. పాట మార్చి పాడనక్కర్లేదు, మార్చితే లయ చెడుతుంది, పాట రాసినవారికీ న్యాయం కాదు. ఆ రోజుకు "ప్రభువా" అని ఉన్న పాటలు ఎంచుకోండి. హల్లెలూయ, ఆమేన్, హోసన్నా రెండువైపులా ఒకటే. పస్కా రాత్రి పాడే కీర్తనలు 113–118లోనే 117 ఉంది. రెండే వచనాలు. హీబ్రూలో ఒకసారి, తెలుగులో ఒకసారి చదివితే రెండు నిమిషాలు పట్టదు.

సమయం: వాక్యం వాక్యంగా తెలుగు చేస్తే ప్రసంగం రెట్టింపవుతుంది. 20 నిమిషాల మాట 40 అవుతుంది, మూడో భాష కలిస్తే గంట దాటుతుంది. హెడ్‌ఫోన్ల సౌకర్యం ఉంటే మూడో భాష దానికి వదలండి. ప్రసంగపు సారాంశం, వాక్య భాగాలు వారం ముందే అనువాదకుడి చేతిలో ఉండాలి. స్లయిడ్ల మీద హీబ్రూ కుడి నుంచి ఎడమకు. ఒకే పెట్టెలో తెలుగుతో కలిపి పెడితే విరామ చిహ్నాలు, అంకెలు తారుమారవుతాయి. రెండు వేర్వేరు పెట్టెలు పెట్టండి.

కార్మెలు_గాలి

అందరికీ హృదయపూర్వక వందనాలు. ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. క్రమం ఇలా రాశాను, తప్పులుంటే దిద్దండి.

కీర్తన 117 రెండు భాషల్లో, 3 నిమిషాలు. పాటలు హీబ్రూ రెండు, తెలుగు రెండు, 20. ద్వితీ 6:4–9 హీబ్రూలో, రోమా 15:5–13 తెలుగులో, 7. ప్రసంగం తర్జుమాతో 40. కానుక 5. ప్రభువు బల్ల 20. సంఖ్యా 6:24–26 ఆశీర్వాదం 2. మొత్తం 97 నిమిషాలు. వేదికపై ఒక పక్క ఇజ్రాయెల్ జెండా, ఒక పక్క మన జెండా.

రోమా_15_10

క్రమం బాగుంది అన్నా. రెండు దిద్దుబాట్లు.

కానుక తీసేయండి. సబ్బాతున డబ్బు ముట్టనివాళ్ళు ఉంటారు, సంచి ముందుకు వస్తే వాళ్ళు తల దించుకోవాలి. కానుక కావాలంటే ఆదివారం తీయండి. పౌలు యెరూషలేము పేదల కోసం చందా పోగుచేయమన్నది కూడా ఆదివారమే (1 కొరింథీ 16:2). ఆ చందా సంగతి ప్రసంగీకుడికి గుర్తు చేయండి. అన్యజనుల సంఘాలు డబ్బు పోగుచేసి, ఊరూరి నుంచి మనుషులు పౌలుతో బయలుదేరారు. అపొ. 20:4లో పేర్లున్నాయి, అందులో త్రోఫిము ఒకడు. గోడ దగ్గర గొడవకు కారణమని చెప్పబడినవాడు యూదు పేదల కోసం బయలుదేరిన ఆ జట్టులోనివాడే.

జెండాలు రెండూ వద్దు. ఆ దేశంలో అన్యజనులైన విశ్వాసులంటే మనం ఒక్కరమే కాదు. అరబ్బు క్రైస్తవులు మనకంటే ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచీ అక్కడున్నారు. వాళ్ళలో ఒక్కరు వచ్చినా జెండా కింద ప్రభువు బల్ల తీసుకోవడం వాళ్ళకు ఎంత కష్టమో ఆలోచించండి. యూదు విశ్వాసులనూ పాలస్తీనా క్రైస్తవులనూ ఒకచోట కూర్చోబెట్టే ముసలాహా అనే సంస్థ 1990 నుంచి పనిచేస్తోంది. ఆ పని ఎంత నెమ్మదిగా సాగుతుందో తెలిసినవాళ్ళు వేదిక మీద ఒక బట్ట ముక్క పెట్టడానికి కూడా పదిసార్లు ఆలోచిస్తారు.

వాక్యధ్యాని

రాతి శాసనం గారి ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. ఎవరు దూరమయ్యారు అన్న ప్రశ్న నేను వేసుకోలేదు. కొలస్సీ 2:16ను నేను ఎదుటివాడి నోరు మూయించడానికి వాడాను. అది నాకు తీర్పు తీర్చనియ్యకుడని చెప్పే వాక్యం, నా సహోదరుడికి నేను తీర్పు తీర్చమని కాదు. కార్మెలు బ్రదర్, ఆ కొట్టివేయబడిన ధర్మశాస్త్రం మాట అనేవాళ్ళకు రోమా 14 మొత్తం ఒకేసారి, ఆగకుండా చదివి వినిపించండి.

సీయోను_బూర

షోఫర్ ఇంట్లోనే ఉంచుతాను. అతిథిగా వెళ్ళడం అన్న మాట నచ్చింది. ఒక్కటి అడుగుతాను: చివరి ఆశీర్వాదం ఎవరు పలకాలి?

ఒలీవకొమ్మ

సంఖ్యా 6 ఆశీర్వాదం హీబ్రూలో 15 మాటలు, వరుసగా మూడు, ఐదు, ఏడు. సమాజమందిరంలో అహరోను వంశంవాళ్ళు పలుకుతారు. మీ కూడికలో అలాంటివారుంటే ఎలా చేయాలో ఆ సంఘపు పెద్దలనే అడగండి, అది వాళ్ళ ఇంటి విషయం. వాళ్ళు హీబ్రూలో ఒక్కొక్క వరుస పలికి ఆగితే, తెలుగు పెద్ద అదే వరుస తెలుగులో పలకాలి. చివర ఆమేన్ అందరూ కలిసి. ఆ మాటకు తర్జుమా అక్కర్లేదు.

బేతనియ_మార్త

కార్మెలు బ్రదర్, ఆఖరుగా ఒకటి. పండ్లు తెచ్చేవాళ్ళకు సంచులు కొత్తవి తెమ్మనండి. కూరగాయల సంచిలో అడుగున బిస్కెట్ పొడి ఉంటుంది, ఎవరూ చూడరు. ఖర్జూరం కొంటే గింజ తీయనిది, పస్కా ముద్ర ఉన్నది తీసుకోండి. అంటుకోకుండా పిండి చల్లి అమ్మేవి కూడా ఉంటాయి.